కట్ట కింద కొంగ, ముళ్లపొదలో కౌజు



దిల్‌సుఖ్‌నగర్ అనగానే చెవిలో మోగేవి బస్సు హారన్లు, చీరల దుకాణాల మైకులు, కోచింగ్ సెంటర్ల ముందు కాగితాలు పంచే కుర్రాళ్ల కేకలు. ఎల్బీనగర్ అంటే "సూర్యాపేట, కోదాడ, విజయవాడ" అని గుక్క తిప్పుకోకుండా అరిచే పిలుపులు. ఈ రెండు కూడళ్ల చుట్టుపక్కల పక్షులు చూడొచ్చని చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. ఆ తరువాత "పావురాలేనా సార్?" అని అడుగుతారు. పావురాలు ఉన్నాయి. అవసరానికి మించే ఉన్నాయి. ఈ పూటకి వాటిని పక్కన పెడదాం.

రేడియోలో పక్షిని చూపించలేను. అందువల్ల పెద్ద నష్టమేమీ లేదు. ఈ పనిలో ఆరితేరినవాళ్లు కంటితో కంటే చెవితోనే ఎక్కువ పక్షుల్ని గుర్తుపడతారు. రేపు తెల్లవారుజామున, మెట్రో మొదటి రైలు కదలకముందు, డాబా మీదికి వెళ్లి ఊరికే నిలబడండి. వాటర్ ట్యాంకు మీదనో కేబుల్ తీగ మీదనో ఒక నలుపు తెలుపు పిట్ట తోక నిక్కబొడిచి ఈల వేస్తూ ఉంటుంది. అది పెద్ద నల్లంచి. ఎండాకాలంలో అది పాడే పాటకు రాగం, విరుపు, మళ్లీ ఎత్తుకోవడం అన్నీ ఉంటాయి. కరివేపాకు చెట్టులోంచో మందారం పొదలోంచో "టువీ టువీ టువీ" అని ఎడతెగకుండా గట్టిగా వినపడితే అది ఆకులు కుట్టి గూడు కట్టుకునే కుట్టుపిట్ట. పది గ్రాములు కూడా తూగదు. అంత గొంతు ఎక్కడ దాచుకుంటుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఎక్కడో ఖాళీ ప్లాటులో సర్కారు తుమ్మల మాటు నుంచి "ఊప్ ఊప్ ఊప్" అని లోతుగా మూలిగితే జెముడుకాకి. మనిషి కంటపడకుండా నడిచే పక్షి అది. ఎర్రటి రెక్కలు, నల్లటి ఒళ్లు, రక్తం రంగు కన్ను.

ఇవి ఇంటి పక్షులు. అసలు సంగతి సరూర్‌నగర్ చెరువు దగ్గర మొదలవుతుంది.

కుతుబ్‌షాహీల కాలంలో, 1626 ప్రాంతంలో తవ్వించిన చెరువు ఇది. కట్ట కింద పంట పొలాలకు నీళ్లిచ్చేది, ఊరికి తాగునీరు కూడా అయ్యింది. ఈ పక్కన ఈతలు నేర్చుకున్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. 1950లు దాటాక కాలనీలు మొదలయ్యాయి, శిఖం భూముల్లోకి ఇళ్లు దిగాయి, మంచినీళ్లు వచ్చిన దారిలోనే మురుగునీళ్లు వచ్చాయి. 2020 అక్టోబరు వానల్లో చెరువు పొంగి కోదండరాంనగర్ వైపు వీధులు రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు అందరూ చెరువును తిట్టారు. పాపం, అది తన పాత హద్దు దాకా వచ్చిందంతే.

ఇంత మురికి చెరువులో పక్షులేముంటాయని అడగొచ్చు. ఇక్కడే మన లెక్క ఒకటి తప్పుతుంది. మనకు రోత పుట్టించే నీరు అన్ని పక్షులకూ రోత కాదు. మురుగునీటిలో ఎరువు ఎక్కువ. దానివల్ల నాచు, గుర్రపు డెక్క, జమ్ముగడ్డి విపరీతంగా పెరుగుతాయి. అడుగు బురదలో ఎర్రటి పురుగులు, దోమల పిల్లలు, నత్తలు లెక్కలేనన్ని పుడతాయి. అవి తినే పక్షికి ఇది విందు. జమ్ములో నీలం రంగు ఒళ్లు, ఎర్రటి నుదుటి బిళ్ల ఉన్న నీలి బొల్లికోడి, దాని పక్కనే జమ్ముకోడి తిరుగుతాయి. బొల్లికోడి జమ్ము కాడను విరిచి, మనం చెరుకుగడ పట్టుకున్నట్టు ఒక కాలితో పట్టుకుని, మెత్తని మొదలు మాత్రం కొరికి తిని, తక్కినది పారేస్తుంది. మధ్యలో ఎక్కడో మునుగుడు కోడి టక్కున మునిగి, మనం చూస్తున్న చోట కాక ఇంకో చోట తేలుతుంది. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి. గుడ్డికొంగ ఒడ్డున కదలకుండా నిలబడితే మట్టిలో మట్టి. ఎగిరితే గానీ దాని రెక్కలు తెల్లనివని తెలియదు.

నత్తగుల్ల కొంగను మాత్రం తీరిగ్గా చూడాలి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగ అది. ఆ సందులో పెట్టి నత్తగుల్లను పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. గుల్లను నీళ్లలో నేలకు అదిమిపట్టి, సన్నటి కింది ముక్కు కొనను మూత సందులోంచి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని తెంపుతుంది. గుల్ల చెక్కుచెదరదు, నత్త బయటికి వస్తుంది. ఒడ్డున ఖాళీ గుల్లలు చిట్లకుండా పడి ఉంటే ఆ కొంగ భోంచేసి వెళ్లిందని ఆనవాలు.

మురుగును నేను మెచ్చుకుంటున్నానని అనుకోవద్దు. విషం విషమే. ఆక్సిజన్ అయిపోయి చేపలు తెల్లగా తేలిన రోజున కొంగలకు కూడా మిగిలేదేమీ ఉండదు. చెరువుకు మురుగు ఒక జబ్బు, ఆ జబ్బును తట్టుకున్న పక్షులు కొన్ని ఉన్నాయి. చెరువుకు మనం చేసే అలంకారాన్ని తట్టుకునేవి అంతకంటే తక్కువ. ఈ పూట నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ అలంకారం గురించే.

చెరువును బాగుచేయడమంటే మనకు ఒకటే నమూనా తెలుసు. ఒడ్డంతా చెక్కి, నిటారుగా రాతి పేర్పు పేర్చి, పైన టైల్స్ వేసిన నడకదారి, రెయిలింగు, ఎత్తైన లైటు స్తంభాలు, నడుమ ఒక ఫౌంటెన్. సాయంత్రం వాకింగ్‌కు హాయిగా ఉంటుంది, కాదనను. ఇప్పుడు పక్షి కాళ్ల వైపు నుంచి ఆలోచించండి. శీతాకాలంలో ఉత్తర దేశాల నుంచి వచ్చే చిన్న ఉల్లంకి పిట్టల కాళ్లు పొట్టివి, అవి బురద అంచున నడుస్తూ ఏరుకుంటాయి. తోకాడించే పిట్టలు తడి మట్టి మీద పరుగులు పెడతాయి. వాటికి అటువైపు, నాలుగు వేళ్ల లోతు నీళ్లలో, గులాబీరంగు పొడుగుకాళ్ల నల్లరెక్కల పిట్టలు దిగుతాయి. ఇంకొంచెం లోతున కొంగలు. తలకిందులై తోక పైకెత్తి అడుగు వెతుక్కునే బాతులకు మెడ అందేంత లోతు చాలు. నట్టనడి లోతు నీటికాకిది, మునుగుడు కోడిది. అంటే ఏటవాలుగా నీళ్లలోకి దిగే మట్టి ఒడ్డు ఒక్కటి ఉంటే ఇన్ని కుటుంబాలు ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టకుండా బతుకుతాయి. ఆ ఏటవాలును నిలువు గోడ చేశామంటే మొదటి అంగుళమే ఆరడుగుల లోతు. నీటికాకి, మునుగుడు కోడి మిగులుతాయి. మిగతావన్నీ వెళ్లిపోతాయి. చెరువు శుభ్రపడింది, పక్షులు తగ్గాయి అని తరువాత ఆశ్చర్యపోతాం.

నగరానికి పడమట అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. సరూర్‌నగర్‌కు అలాంటి గౌరవం రాలేదు, వస్తుందని నేను ఎదురుచూడటం కూడా లేదు. కట్టకు ఎదుటివైపు ఒక వంద గజాల ఒడ్డును రాళ్లు పేర్చకుండా, లైటు వేయకుండా వదిలేస్తే నాకు చాలు.

చెరువు నుంచి ఉత్తరానికి, చైతన్యపురి దాటితే మూసీ. ఫణిగిరి గుట్ట మీద పురాతన ప్రాకృత శాసనం ఉంది, నరసింహస్వామి గుడి ఉంది. ఆ బండల మీద నిలబడితే కింద నది కనిపిస్తుంది. నది అనడానికి నోరు రాదు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఉంది, నాగోల్‌లోనూ ఉంది. శుద్ధి అయిన నీరు, కాని నీరు కలిసి ఏడాది పొడవునా పారుతూనే ఉంటాయి. మే నెలలో జిల్లాల్లో చెరువులు ఎండి నోళ్లు తెరిచినప్పుడు కూడా నాగోల్ వంతెన కింద నీళ్లుంటాయి. అక్కడి నుంచి ఉప్పల్, పీర్జాదిగూడ వైపు ఈ నీటితోనే పారాగడ్డి పెంచి గేదెలకు కోసి అమ్మి బతికే రైతులున్నారు. గడ్డి కోసిన మడిలోకి నీళ్లు వదిలిన పూట చూడాలి. పురుగులు, కప్పలు పైకి తేలగానే పశువుల కొంగలు, వంకర ముక్కుల కంకణాలు గుంపులుగా వాలి మడిని జల్లెడ పడతాయి. గడ్డి మోపు కట్టే మనిషికి నాలుగడుగుల దూరంలో కూడా బెదరవు. ముక్కుకు రుమాలు కట్టుకుని వెళ్లమని నా సలహా.

ఇక పొడి నేలకు వద్దాం. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని నాలుగు కిలోమీటర్లు వెళితే కుడిచేతి వైపు మహావీర్ హరిణ వనస్థలి. నిజాముల కాలంలో వేటకు ఉంచుకున్న అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ వత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు, 1994లో జాతీయ ఉద్యానవనమైంది. మూడున్నర వేల ఎకరాలకు పైబడిన నేల, అందరూ చెప్పుకునేది కృష్ణజింకల గురించి. అది అడవిలా ఉండదు. గులకరాతి నేల, తుమ్మ, రేగు, కలివి, తంగేడు, ముళ్లు, మోకాలి ఎత్తు గడ్డి. మొదటిసారి వెళ్లినవాళ్లు "ఇదేం అడవండీ, చెట్లే లేవు" అంటారు. దక్కన్ పీఠభూమి అసలు ముఖం అదే. బతుకమ్మకు తంగేడు పూలు ఇలాంటి నేల నుంచే వచ్చేవి.

ఇక్కడి పక్షులకు చెట్టు కంటే ఖాళీ ముఖ్యం. పొద్దున్నే పొదల్లోంచి కౌజు పిట్టలు ఒకదానికొకటి పోటీగా అరుస్తుంటాయి. వాటి అరుపుకు తోడు వనస్థలిపురం కాలనీల దాకా వినపడే నెమళ్ల కేక. పసిరిక పిట్టలు ముళ్ల కొమ్మ చివర కూర్చుని, గాలిలోకి గిరుక్కున తిరిగి తూనీగనో తేనెటీగనో పట్టుకుని, మళ్లీ అదే కొమ్మకు వచ్చి దాన్ని కొమ్మకేసి కొట్టి, కొండి వదిలించి మింగుతాయి.

తీతువుల్లో రెండు రకాలున్నాయి. ఎర్ర తిత్తి ఉన్నది నీటి దగ్గర తిరిగేది. రాత్రి అది అరిస్తే కీడని మన పెద్దవాళ్లు జడుసుకునేవారు. ముక్కు పక్కన పసుపుపచ్చ తిత్తి ఉన్నది మాత్రం ఎండిన నేలది. హయత్‌నగర్ దాటాక వేసిన ఒక వెంచర్‌లో, హద్దురాళ్ల నడుమ కంకరలో, దాని గుడ్లు చూశాను. గూడు లేదు, పుల్ల లేదు, నేల మీద చిన్న గుంట, అందులో గోధుమరంగు మచ్చల గుడ్లు నాలుగు, సన్నటి కొనలు లోపలికి తిప్పి పేర్చినట్టు. చూపు ఒక్క క్షణం పక్కకు మళ్లిందా, మళ్లీ కంకరలో వెతుక్కోవాల్సిందే. ఎండ మండిపోతున్నప్పుడు తల్లి పొదగడం మాని గుడ్లకు అడ్డంగా నిలబడి నీడ పడుతుంది. దూరాన ఉన్న నీటిగుంట దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి దగ్గరికి వెళితే రెక్క విరిగినట్టు కుంటుతూ ఇంకో వైపుకు లాక్కెళ్తుంది. అలా కుంటిందంటే మీరు గుడ్లకు మరీ దగ్గరగా ఉన్నట్టు. ఫొటో తీయకుండా వెనక్కి రండి.

రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి నేలకు బంజరు అని, పోరంబోకు అని పేర్లు. పేరు అలా పడ్డాక దాని మీద ఎవరికైనా దయ కలిగితే చేసే మొదటి పని మొక్కలు నాటడం. వరసగా గుంతలు తీసి, చకచకా పెరిగే ఏదో ఒక చెట్టు పెడతారు. కోనోకార్పస్ అలా వీధి వీధికీ వచ్చింది, తరువాత దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. చెట్లు నాటొద్దని నేననను. మండుటెండలో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నీడ కావాలి. అయితే తీతువు గుడ్లు పెట్టే కంకర నేల మీద వేపచెట్టు నాటినా దానికి అపకారమే.

పాలపిట్ట సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే మీరు ఒప్పుకోరు. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది. దసరా రోజు జమ్మి దగ్గరికి పోయి, పాలపిట్టను చూసి ఇంటికి రావడం మనకు ఆనవాయితీ. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగు పిట్ట. ఎగిరితే రెక్కల్లో రెండు రకాల నీలం విచ్చుకుంటుంది. ఎత్తుగా, ఖాళీగా ఉన్న చోట కూర్చుని కింద నేల మీద మిడతలు, పురుగులు, తొండపిల్లల కోసం కాపు కాస్తుంది. అంటే దానికి కావాల్సినవి రెండే: కూర్చోవడానికి ఒక తీగ, ముందర కట్టడాలు లేని నేల. తీగలకు మన దగ్గర లోటు లేదు. దేశమంతటా పక్షులు గమనించేవాళ్లు రాసిపెట్టిన లెక్కల ఆధారంగా 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక, పాలపిట్టల సంఖ్య పన్నెండేళ్లలో సుమారు 30 శాతం పడిపోయిందని చెప్పింది. ఊళ్లో పిట్ట దొరకక, పండగకు దాన్ని పట్టి పంజరంలో పెట్టి, రెక్కలు కట్టేసి, డబ్బులకు చూపించేవాళ్లు తయారయ్యారు. అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. నేరం సంగతి అటుంచి, రెక్కలు కట్టిన పిట్టను చూస్తే శుభమెలా కలుగుతుందో నాకైతే అర్థం కాదు. సంక్రాంతి నాటి చైనా మాంజా కూడా ఈ కోవలోదే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించింది. జనవరి నెలాఖరున కాలనీ చెట్లలోకి తలెత్తి చూడండి, ఆ దారానికి వేలాడుతూ గద్దో కొంగో కనిపించని ఏడాది లేదు.

పక్షుల లెక్క ఈ నేలకు కొత్త కాదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931, 32 సంవత్సరాల్లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. భార్య తెహ్మీనా ఆయన వెంట డేరాల్లో ఉంది. ఆ వివరాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలు భాగాలుగా అచ్చయ్యాయి. ఆయనకు తరువాత పేరు తెచ్చిన సర్వేల వరుసలో తొలినాటిది మనదే. 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ మొదలైంది, ఇప్పుడది డెక్కన్ బర్డర్స్. ఆ సంఘం మనుషులైన సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో ఉమ్మడి రాష్ట్రపు పక్షుల జాబితా తెచ్చారు. ఆదివారం పొద్దున్నే వీళ్లతో కలిసి నడిస్తే పుస్తకాలు ఏడాదిలో నేర్పేది ఒక్క పూటలో వస్తుంది.

ఖర్చు పెద్దగా లేదు. ఎనిమిది రెట్లు చూపించే బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా మొదటి ఆరు నెలలు గడుస్తాయి. మెరిసే రంగుల చొక్కా వద్దు. మూసీ ఒడ్డుకూ పాడుబడ్డ ప్లాట్లలోకీ ఒంటరిగా పోవద్దు, పక్షుల కంటే ముందు కుక్కలు పలకరిస్తాయి. ఫోన్‌లో పక్షి కూత పెట్టి దాన్ని బయటికి రప్పించే అలవాటు కొందరికుంది. గూడు కట్టుకునే కాలంలో అది పక్షికి శత్రువు వచ్చాడన్న కబురు. ఆ పని చేయవద్దు.

ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. ఒక చోట కనీసం పావుగంట నిలబడి, కనిపించినవీ వినిపించినవీ, ఏ పక్షి ఎన్ని అన్నది ఈ-బర్డ్ అనే వెబ్‌సైటులో రాయడమే పని. కాకిని కూడా రాయాలి. చాలామంది కాకిని వదిలేస్తారు, అది తప్పు. ఇంకో సదుపాయం ఉంది: పాత తేదీలు వేసి పాత లెక్కలు కూడా అందులో ఎక్కించవచ్చు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సరూర్‌నగర్ చెరువులో ఈదిన తరం వాళ్లుంటే అప్పటి డైరీ ఏదైనా ఉందేమో అడగండి. తేదీ, చోటు, పక్షి పేరు, ఈ మూడూ ఉన్న కాగితం ముక్క దొరికినా పనికొస్తుంది.